రోనీ మనవాడు, పంకజ్ పేపర్లో వాడు

స్టీఫెన్ హెండ్రీ ఏడుసార్లు ప్రపంచ స్నూకర్ ఛాంపియన్. రోనీ ఓసలివన్ కూడా ఏడుసార్లే. లెక్క ప్రకారం ఇద్దరూ సమానం. కానీ నెల్లూరులో ఏ స్నూకర్ పార్లర్‌కైనా పోయి హెండ్రీ పేరెత్తండి, ఒక్కడు తలెత్తి చూస్తే గొప్ప. రోనీకి మాత్రం ఇంటిపేరు కూడా అక్కర్లేదు. షాట్ బాగా పడితే "రోనీ రా సామీ" అంటారు. తప్పితే "నువ్వేమన్నా రోనీ అనుకుంటుండావా" అంటారు. పొగడ్డానికీ అతనే, ఎగతాళికీ అతనే.

ఇంకో పేరుంది, పంకజ్ అద్వానీ. బిలియర్డ్స్, స్నూకర్ రెండూ కలిపి 2024 చివరికి 28 ప్రపంచ టైటిళ్ళు. పద్మభూషణ్, ఖేల్‌రత్న, ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు. పుట్టింది పుణెలో, ఆట నేర్చింది బెంగళూరులో. నెల్లూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి వాళ్ళ ఊళ్ళో దిగుతాం. ఆ మనిషి రేపు మా ఆత్మకూరు బస్టాండు దగ్గర నిలబడి టీ తాగితే కొట్టాయన డబ్బులు తీసుకుని చిల్లరిచ్చి పంపిస్తాడు. పక్కనున్నవాడు కొంచెం జరగమంటాడు కూడా.

ఎందుకిట్లా? జనం చెప్పే కారణాలు రెండు. ఒంగోలులో గ్రానైట్ వ్యాపారం చేసే మా బావ చెప్పేది మొదటిది. "డబ్బున్నోళ్ళ ఆట బావా అది, పైగా క్రికెట్ ముందు ఏదైనా నిలుస్తుందా" అని కొట్టిపారేస్తాడు. పార్లర్ కుర్రాళ్ళు చెప్పేది రెండోది. రోనీ అంత వేగంగా, అంత అందంగా ఇంకెవడూ ఆడలేడని. మొదటి మాటే నిజమైతే రోనీని కూడా ఇక్కడ ఎవరూ ఎరగకూడదు. రెండో మాట నిజమే గానీ చాలదు. హెండ్రీది తక్కువ ఆటేం కాదు. ఇరవై ఒక్క ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఇప్పటికీ అంత చిన్న వయసులో ఆ కప్పు ఎత్తినవాడు లేడు. 1992 నుంచి 1996 దాకా వరసగా ఐదేళ్ళు దాన్ని ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. అయినా ఆ రోజుల్లో హాల్లో చప్పట్లు ఎక్కువగా పడింది అతని ఎదుటివాడికి.

నా లెక్క వేరు. స్నూకర్‌లో గెలుపు టేబుల్ దగ్గర వస్తుంది, అభిమానం మాత్రం కుర్చీ దగ్గర వస్తుంది.

ఆట తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు టేబుల్. పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు, కొట్టడానికి ఒక తెల్ల బంతి. ఒక ఎరుపు వేశాక ఒక రంగు, మళ్ళీ ఎరుపు, మళ్ళీ రంగు. ఎరుపుకి ఒకటి, నలుపుకి ఏడు. ప్రతి ఎరుపు వెంటా నలుపే వేసి, చివర్లో రంగులన్నీ వరసగా తీస్తే 147. మామూలుగా అంతకు మించి రాదు. క్యారమ్స్ ఆడినవాళ్ళకి అసలు సంగతి వెంటనే తెలిసిపోతుంది, కాయ పడినంతసేపూ స్ట్రైకర్ నీ చేతిలోనే. తేడా ఏమిటంటే క్యారమ్స్‌లో ఎదుటివాడు బోర్డుకి అవతలే ఉంటాడు, ఏదో ఒకటి అని నీ చెయ్యి వణికిస్తాడు. స్నూకర్‌లో ఎదుటివాడు పోయి కుర్చీలో కూర్చోవాలి. మాట్లాడకూడదు, కదలకూడదు.

బ్యాట్స్‌మన్ ఉతుకుతుంటే బౌలర్ ఇంకో బంతి వేస్తాడు. కబడ్డీలో రైడర్ వస్తే పట్టుకోడానికి ఏడుగురున్నారు. స్నూకర్‌లో ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. నీళ్ళు తాగుతావు, క్యూ (బంతి కొట్టే కర్ర) తుడుచుకుంటావు, పైకప్పు వైపు చూస్తావు. ఆ పది నిమిషాలూ కెమెరా నీ మొహాన్ని అప్పుడప్పుడూ చూపిస్తూనే ఉంటుంది. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్లో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఒకడు గెలవాలంటే పద్దెనిమిది ఫ్రేములు గెలవాలి (బంతులన్నీ పేర్చి మొదలుపెట్టే ఒక్కో ఆట ఒక ఫ్రేము). రెండు రోజులాట. ఓడిపోతున్నవాడు రెండు రోజుల పాటు ఎట్లా ఓడిపోతున్నాడో ఆ హాల్లోని 980 మందీ, టీవీ ముందున్న లక్షల మందీ దగ్గరగా చూస్తారు. అంతసేపు ఒక మనిషిని అట్లా చూశాక పరాయివాడనుకోవడం కష్టం.

జిమ్మీ వైట్ సంగతి చూడండి. ఆరుసార్లు ప్రపంచ ఫైనల్ ఆడి ఆరుసార్లూ ఓడాడు. 1984లో ఒకసారి, ఆ తర్వాత 1990 నుంచి 1994 దాకా వరసగా ఐదేళ్ళు. 1992లో 14-8 ఆధిక్యంలో ఉండి, అక్కణ్ణించి వరసగా పది ఫ్రేములు పోగొట్టుకున్నాడు. ఆ పది ఫ్రేముల్లో ఎక్కువసేపు అతనున్నది కుర్చీలోనే. 1994 ఫైనల్ సరిగ్గా అతని పుట్టినరోజున ముగిసింది. 17-17, చివరి ఫ్రేము, టేబుల్ మీద గెలుపు పరిచి ఉంది. నేరుగా ఉన్న ఒక నలుపు బంతి తప్పాడు. హెండ్రీ లేచి వచ్చి అంతా తీసేశాడు. మే నెల రెండో తారీఖు, ముప్పై రెండేళ్ళు నిండిన రోజు, వైట్ మళ్ళీ కుర్చీలోనే. ఇంగ్లండులో ఆ మనిషిని జనం ఛాంపియన్ అనే పిలిచారు, కప్పు లేకుండానే. అరవై దాటాక కూడా అతను ఆడుతుంటే జనం వచ్చారు.

దీనికి ఎదురుగా స్టీవ్ డేవిస్. 1980లలో ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, తప్పే చేయడు, నవ్వేవాడు కాదు. టీవీలో బొమ్మలతో నడిచే ఒక వ్యంగ్య కార్యక్రమం అతని నీరసాన్నే జోక్‌గా మార్చేసింది. 1985 ఫైనల్లో డెనిస్ టేలర్ మీద 8-0 ముందుండి, చివరికి 17-17 దాకా వచ్చి, ఆఖరి నలుపు బంతి దగ్గర ఓడాడు. మొత్తం మ్యాచ్‌లో టేలర్ ముందంజ వేసింది ఆ ఒక్క బంతితోనే. అర్ధరాత్రి దాటాక ఒక కోటీ 85 లక్షల మంది బ్రిటన్‌లో అది చూశారు. డేవిస్ మొహంలో రక్తం చుక్క లేకుండా పోయింది. నన్నడిగితే డేవిస్ మీద జనానికి ఇష్టం మొదలైంది ఆ రాత్రే. తర్వాత్తర్వాత గెలవడం తగ్గేకొద్దీ ఇష్టం పెరిగింది. 2010లో యాభై రెండేళ్ళ డేవిస్ అదే క్రూసిబుల్‌లో జాన్ హిగిన్స్‌ని ఓడిస్తే హాలంతా ఊగిపోయింది. ముప్పై ఏళ్ళప్పుడు అవే షాట్లు కొట్టినవాణ్ణి ఆవలిస్తూ చూసిన జనమే ఇది.

ఇదంతా టీవీ పుణ్యం. 1969లో బీబీసీ వాళ్ళకి రంగుల టీవీ కొత్తగా చేతికొచ్చింది, దాన్ని చూపించుకోడానికి రంగులున్న ఆట ఒకటి కావాలి. అప్పుడు ఆ ఛానల్ బాధ్యతలు చూస్తున్న డేవిడ్ అటెన్‌బరో (అడవుల్లో జంతువుల వెంట తిరిగే ఆయనే) స్నూకర్‌కి పచ్చజెండా ఊపాడు. చాలామంది ఇళ్ళలో ఇంకా బ్లాక్ అండ్ వైట్ సెట్లే. వాళ్ళ కోసం ఒక వ్యాఖ్యాత "గులాబీ బంతి ఆకుపచ్చ బంతి పక్కనే ఉంది చూడండి" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. 1977లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్రూసిబుల్‌కి చేరింది, ఆ తర్వాత ఏళ్ళలో బీబీసీ దాన్ని ఇంటింటికీ మోసింది. ఆటగాళ్ళు సినిమావాళ్ళంత తెలిసిపోయారు.

ఇక రోనీ. ఇతని గురించి రీల్స్ చూసి మాట్లాడేవాళ్ళు 1997 దగ్గర మొదలుపెడతారు. 147ని ఐదు నిమిషాల ఎనిమిది సెకన్లలో ముగించిన ఆ ఫ్రేము. సగటున షాట్‌కీ షాట్‌కీ మధ్య తొమ్మిది సెకన్లు కూడా లేవు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది దాని ముందూ వెనకా ఉన్న కథ. పదహారేళ్ళకి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ మొదటి సీజన్ క్వాలిఫైయింగ్‌లో 76 మ్యాచ్‌లకి 74 గెలిచాడు. అదే 1992లో తండ్రికి హత్య కేసులో యావజ్జీవం పడింది. పద్దెనిమిది నిండకముందే, 1993లో, యూకే ఛాంపియన్‌షిప్ ఫైనల్లో హెండ్రీని ఓడించాడు. ఇంకేముంది, ప్రపంచ కప్పు రేపో మాపో అన్నారు. రాలేదు. 2001 దాకా రాలేదు. ఈలోగా తల్లి కూడా పన్ను ఎగవేత కేసులో జైలుకి పోయివచ్చింది. మత్తుపదార్థాలు, డిప్రెషన్, ఆట మీద విరక్తి. ఏదీ దాచుకోలేదు, అన్నీ తనే చెప్పాడు.

2006 డిసెంబరులో యూకే ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్. ఎదురుగా హెండ్రీ, రోనీ 1-4 వెనకబడి ఉన్నాడు. ఆరో ఫ్రేము మధ్యలో ఒక బంతి తప్పాక హెండ్రీ చెయ్యి పట్టుకు ఊపేసి హాల్లోంచి వెళ్ళిపోయాడు. ఇంకా బోలెడు ఆట మిగిలి ఉంది. 20,800 పౌండ్ల జరిమానా వేశారు. కుర్చీలో కూర్చోలేని మనిషి కుర్చీ వదిలేసి పోయాడన్నమాట. దీన్ని నేను సమర్థించను. డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళకి అది అవమానమే. 2016 వెల్ష్ ఓపెన్‌లో 147 కొడితే పదివేల పౌండ్లేనని తెలిసి, అంత తక్కువకి కొట్టనంటూ కావాలని నలుపు వదిలేసి గులాబీ వేసి 146 దగ్గర ఆపాడు. అదీ నాకు నచ్చలేదు. మా పార్లర్‌లో మాత్రం ఈ రెండూ చెప్పుకుని మురిసిపోతారు.

కానీ వాకౌట్ చేసిన నెలకే జరిగింది చూడండి. 2007 జనవరి, లండన్‌లో మాస్టర్స్ ఫైనల్. ఎదురుగా పంతొమ్మిదేళ్ళ చైనా కుర్రాడు డింగ్ జున్‌హుయ్. రోనీ ఆ రోజు ఎవరూ ఆపలేని ఆట ఆడాడు. ప్రేక్షకుల్లో కొందరు డింగ్‌ని ఎగతాళి చేశారు. పాపం పిల్లాడు 9-3 దగ్గర మ్యాచ్ అయిపోయిందనుకుని చెయ్యి కలపడానికి వచ్చేశాడు, కళ్ళలో నీళ్ళు. ఇంకో ఫ్రేము గెలిస్తేగానీ అయిపోదు. రోనీ అతని భుజం చుట్టూ చెయ్యేసి లోపలికి తీసుకుపోయాడు. చివరికి 10-3తో గెలిచాడు. రోనీ మీద నాకు గౌరవం కలిగింది అతని 147లు చూసి కాదు, ఇది చూసి. నెల క్రితం తను భరించలేకపోయినదాన్నే ఆ కుర్రాడు భరిస్తున్నాడని అతనికి తెలుసు.

మిగిలినది గబగబా చెప్పేస్తాను. 2012లో కప్పు గెలిచి దాదాపు ఏడాది ఆట మానేసి, తిరిగొచ్చి 2013లో మళ్ళీ గెలిచాడు. 2019లో వెయ్యో సెంచరీ (క్యూ వదలకుండా ఒకే విడతలో వంద పాయింట్లు దాటడం). 2022లో నలభై ఆరేళ్ళకి ఏడో కప్పు, అందరికంటే పెద్ద వయసు ఛాంపియన్. గెలిచాక, ఫైనల్లో తన చేతిలో ఓడిన జడ్ ట్రంప్‌ని పట్టుకుని విడిచిపెట్టకుండా ఏడ్చాడు. 2025 ఆగస్టులో, నలభై తొమ్మిదేళ్ళప్పుడు, సౌదీ అరేబియాలో ఒకే మ్యాచ్‌లో రెండు 147లు కొట్టాడు. ఆ టోర్నమెంట్ ఫైనల్లో నీల్ రాబర్ట్‌సన్ చేతిలో 9-10తో ఓడాడు. గెలుపూ, ఏడుపూ, అలకా, వెళ్ళిపోవడం, తిరిగిరావడం, ముప్పై ఏళ్ళకు పైగా అన్నీ కెమెరా ముందే.

ఇప్పుడు పంకజ్ దగ్గరికొద్దాం. 2003లో పద్దెనిమిదేళ్ళకి చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచాడు. తర్వాత బిలియర్డ్స్‌లో టైటిళ్ళ మీద టైటిళ్ళు, మధ్యమధ్యలో స్నూకర్‌లోనూ. అతని గెలుపు మనకెట్లా చేరుతుంది? పొద్దున పేపర్లో ఆటల పేజీ కింద మూల నాలుగు లైన్లు, చేతిలో కప్పు పట్టుకున్న ఫోటో. ఎదుటివాడెవరు, ఎక్కడ చిక్కుపడ్డాడు, ఏ బంతి తప్పాడు, ఎట్లా బయటపడ్డాడు, ఏదీ ఉండదు. ఇరవై ఎనిమిది సార్లు గెలిచినట్టు తెలుసు. ఒక్కసారైనా చెమట పట్టినట్టు చూడలేదు. మనిషి కనపడకపోతే మిగిలేది అంకె. అంకెకి అభిమానులు ఉండరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. అతని టైటిళ్ళు ఎక్కువగా అమెచ్యూర్ టైటిళ్ళు, కొన్నేళ్ళు ఒకే ఏడాదిలో రెండు మూడు రకాల ప్రపంచ పోటీలు కూడా ఉంటాయి, రోనీ ఆడే ప్రొఫెషనల్ సర్క్యూట్‌తో వీటిని పోల్చకూడదని. పోల్చను. కానీ జనం పంకజ్‌ని పట్టించుకోకపోవడానికి అది కారణం కాదు. నెల్లూరు జనంలో ఎంతమందికి ఈ తేడా తెలుసు గనక! పైగా ఆయన ఆ సర్క్యూట్‌కి కూడా వెళ్ళాడు. 2012లో ప్రొఫెషనల్ అయ్యాడు, 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ చేరాడు. ర్యాంకింగ్ టోర్నమెంట్‌లో అంతదూరం వెళ్ళిన మొదటి భారతీయుడు. 2014లో సర్క్యూట్ వదిలేసి ఇంటికొచ్చేశాడు. ఆ బతుకు ఎట్లా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. సర్క్యూట్‌లో ఆడడానికి రెండేళ్ళ కార్డు ఇస్తారు. ఆ రెండేళ్ళలో మొదటి అరవై నాలుగు మందిలో నిలవకపోతే కార్డు పోతుంది. ఎక్కువ టోర్నమెంట్లు బ్రిటన్‌లో, ప్రాక్టీసూ అక్కడే, ఇల్లు అద్దె అక్కడే. మొదటి రౌండ్లో ఓడితే చాలా టోర్నమెంట్లలో చేతికి ఏమీ వచ్చేది కాదు. సీజన్‌కి 20,000 పౌండ్ల కనీస హామీ వచ్చింది 2022లోగానీ కాదు. ప్రపంచ ఛాంపియన్‌కి ఐదు లక్షల పౌండ్లు అని పేపర్లో చదివి కళ్ళు తిప్పుకుంటాం గానీ, ఆ జాబితాలో కింద ఉన్నవాడి ఖర్చుల గురించి ఎవరూ రాయరు. పంకజ్ ఇంటికొచ్చేయడాన్ని వెనకడుగు అనేవాళ్ళని చూస్తే నాకు కోపం. అక్కడ ఆయన ఆడిన ఆ రెండేళ్ళూ మనం ఒక్క ఫ్రేము చూశామా?

ఆదిత్య మెహతా ఇంకా మంచి ఉదాహరణ. 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్‌లో ఫైనల్ దాకా వెళ్ళాడు. ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు, అదీ సొంతగడ్డ మీద. ఫైనల్లో 0-5తో ఓడాడు. ఓడించింది ఎవరు? మాస్టర్స్‌లో కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆ డింగే. డింగ్ 2005లో, పద్దెనిమిది నిండిన రెండు రోజులకి, బీజింగ్‌లో హెండ్రీని ఓడిస్తే చైనాలో పది కోట్ల మందికి పైగా టీవీలో చూశారని లెక్క చెప్పారు. అక్కణ్ణించి డింగ్ ఓడినా గెలిచినా చైనా చూస్తూనే ఉంది. లండన్‌లో ఏడవడం చూసింది, 2016లో ప్రపంచ ఫైనల్ పోగొట్టుకోవడం చూసింది. ఆ చూసినవాళ్ళలో చిన్నపిల్లలున్నారు. 2025లో జావో షింటాంగ్ చైనాకి, ఆ మాటకొస్తే ఆసియాకే, మొదటి ప్రపంచ కప్పు తెచ్చాడు. సెమీఫైనల్లో అతను ఓడించింది రోనీని, 17-7తో. మధ్యలో 2023లో చైనా ఆటగాళ్ళు పదిమంది ఫిక్సింగ్ కేసులో శిక్షపడి దూరమయ్యారు, జావో కూడా వాళ్ళలో ఒకడు. ఆ మచ్చ కూడా జనం చూశారు, తిరిగి రావడమూ చూశారు. మెహతా ఓడిన ఫైనల్ మన దగ్గర ఎవరు చూశారు? ఎవరికీ తెలియని ఓటమి ఎవర్నీ దగ్గర చేయదు.

అంతెందుకు, 2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ మన విశాఖపట్నంలోనే జరిగింది. అంతకుముందు ఏడాది హైదరాబాద్‌లో. విశాఖలో ఫైనల్ ఆడింది జాన్ హిగిన్స్, ఆంథనీ మెక్‌గిల్. హిగిన్స్ 5-1తో గెలిచాడు. అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ ఆ హిగిన్స్. నెల్లూరులో రాత్రి రైలెక్కితే పొద్దున విశాఖలో దిగి ఆ మనిషిని కొన్ని అడుగుల దూరంలో చూడొచ్చు. మా పార్లర్‌లో ఆ వారం దాని మాటెత్తిన మనిషి లేడు. గోడమీద పోస్టర్ లేదు, తెలుగు ఛానళ్ళలో ముక్క లేదు. అదే వారం ఆ కుర్రాళ్ళు ఫోన్లో ఇరవై ఏళ్ళనాటి రోనీ 147ని ఎన్నోసారో చూస్తున్నారు.

ఇప్పుడు మా బావ అనే డబ్బున్నోళ్ళ ఆట సంగతి. పుట్టుక వరకు అది నిజమే. 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్సులో వానాకాలం పొద్దుపోక పుట్టిన ఆట ఇది. నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర అధికారి పెట్టిన పేరే స్నూకర్ (అదే పేరుతో తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి అయినాయన వేరు). కొన్నేళ్ళకి ఊటీ క్లబ్బులో రూల్స్ రాసి గోడకి పెట్టారు. ఊటీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరూ మద్రాసు ప్రెసిడెన్సీయే, ఒంగోలు అప్పటికింకా నెల్లూరు జిల్లాలో భాగం. కాబట్టి మన గవర్నరు కిందే రూల్స్ తయారైన ఆట ఇది. అయితే ఆ క్లబ్బు మెట్లు మన తాతలు ఎక్కలేదు. ఇవాళ పార్లర్‌కి వచ్చేవాళ్ళెవరు? సెల్‌ఫోన్ షాపుల్లో పనిచేసేవాళ్ళు, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, ఆటో నడిపేవాళ్ళు, రొయ్యల చెరువుల మీద డబ్బొచ్చిన వారం మాత్రమే కనపడేవాళ్ళు. గంటకింత అని టేబుల్ రేటు, ఓడినవాడు కట్టాలి. అక్టోబరు, నవంబరు వానలకు టేబుల్ మీద పరిచిన గుడ్డ చెమ్మెక్కి బంతి బరువుగా పోతుంది. పెద్ద టోర్నమెంట్లలో అయితే టేబుల్ కింద హీటర్లు పెట్టి గుడ్డని పొడిగా ఉంచుతారు. ఆ గుడ్డ కింద ఉండేది పలక రాయే, దాదాపు రెండంగుళాల మందం. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన జిల్లాల వాళ్ళం, దీన్ని పరాయి ఆట అనడానికి నాకు నోరు రాదు.

ఇళ్ళలో భయం ఇంకోటి. పార్లర్‌కి పోతున్నాడంటే పిల్లాడు చెడిపోయాడనే అర్థం. ఈ భయాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఇంటర్ క్లాసులెగ్గొట్టి వచ్చేవాళ్ళని చూశాను. టేబుల్ డబ్బుల పందెం కాస్తా పెద్ద పందెంగా మారడమూ చూశాను. కానీ క్రికెట్ గ్రౌండు పక్కన బెట్టింగ్ జరగదా? అక్కడ పిల్లాణ్ణి మాన్పించకుండా కోచింగ్‌లో చేర్పిస్తాం. ఎందుకంటే క్రికెట్‌లో ఒక దారి ఉందని టీవీ మనకి చూపించింది. స్నూకర్‌లో చూపించలేదు. పంకజ్ ఫైనల్ ఒక్కటి ఇంట్లో టీవీలో పూర్తిగా చూసిన తల్లి, కొడుకు చేతిలో క్యూ చూస్తే వేరేగా అడుగుతుంది. తిట్టదని కాదు, తిట్టేముందు ఎట్లా ఆడుతున్నావని అడుగుతుంది.

మా బావ దగ్గర ఆఖరి అస్త్రం ఒకటుంది. "అంతసేపు కూర్చుని చూసే ఓపిక మనోళ్ళకి యాడుంది బావా?" అని. ఈ మాట ప్రకాశం జిల్లా మనిషి అనడమే విచిత్రం. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్, ఒక జత తర్వాత ఒక జత. ఇచ్చిన టైములో ఎవరి ఎడ్లు బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే ఆట. రోజుల తరబడి సాగుతుంది. జనం ఎండలో నిలబడి చూస్తారు, రాలేనివాళ్ళు యూట్యూబ్ లైవ్‌లో చూస్తారు. మా బావ షాపులో బిల్లులు రాస్తూ పక్కన ఫోన్లో ఇదే పెట్టుకుంటాడు. గెలుపుకి ఇంకో నాలుగడుగులుండగా ఎడ్లు మోకాళ్ళ మీద పడిపోతే ఆ రైతు మొహం చూసి తను కూడా నాలుక కరుచుకుంటాడు. ఏ ఊరివాడో తెలియని ఆ రైతు పేరు నెల తర్వాత కూడా చెబుతాడు. ఓపిక లేనిది ఎవరికి?

రీల్స్ వల్ల రోనీ పేరు మా ఊరిదాకా వచ్చింది, కాదనను. అయితే రీల్స్‌లో ఉండేది పడ్డ బంతులే. కుర్రాళ్ళు ఆ వేగం పట్టుకుంటారు, తెల్ల బంతి ఎక్కడాగుతుందో చూడకుండా ఎరుపు మీదికి దూకుతారు, రెండో షాట్‌కే దొరికిపోతారు. కుదురుగా సేఫ్టీ (ఎదుటివాడికి సులువైన షాట్ దొరక్కుండా తెల్ల బంతిని వదిలే ఆట) ఆడేవాణ్ణి పిరికివాడంటారు. రోనీ పాత మ్యాచ్ ఒకటి మొత్తం పెట్టి చూపిస్తే అతను ఎంతసేపు సేఫ్టీలో గడుపుతాడో, ఎంతసేపు కుర్చీలో గోళ్ళు కొరుక్కుంటాడో తెలుస్తుంది. ఒకసారి పెట్టాను కూడా. మూడో ఫ్రేముకి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరూ ఇప్పుడు మా దగ్గర బాగా ఆడేవాళ్ళలో ఉన్నారు, అది నా గొప్ప అని చెప్పను గానీ.

అందుకే ఈ సంక్రాంతికి మా పార్లర్‌లో పెట్టే చిన్న టోర్నమెంట్‌ని యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వమని ఓనర్‌తో చెప్పాను. ఒక ఫోన్ టేబుల్ మీదికి, ఇంకో ఫోన్ కుర్చీ వైపు. అతను నన్ను వింతగా చూశాడు.

"మన కాడ కుర్చీ యాడుందన్నా? ఓడిపోయేవాడు గోడకానుకోని ఫోన్ చూసుకుంటుంటాడు."

"అయితే లోపలికొచ్చేటప్పుడే ఫోన్లు తీసి కౌంటర్లో పెట్టించు. రెండు కుర్చీలు కొను."

"ప్లాస్టిక్‌వి చాలా?"

చాలన్నాను. చేతులున్నవి తెమ్మని కూడా చెప్పాను, ఒక్కో ఫ్రేము అరగంట పడుతుంది కదా మనవాళ్ళకి.